తిప్పింది బొమ్మనే

ఒక్క మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. "తిప్పిన." అంతే. ఎవరికీ చెప్పుకోలేక మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు, అదే నా ధైర్యం.

మిర్యాలగూడలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. కిరాయి గదిలో ఒక్కణ్ణే ఉంటాను. ఒకప్పుడు పరిశోధన చేసేవాణ్ణి. చచ్చిన నక్షత్రాల దగ్గర్నుంచి వచ్చే ఎక్స్‌రే కాంతి ఏ వాటంగా ఊగుతూ వస్తుందో కెమెరా సెన్సార్‌తో కనిపెట్టాలని మా ప్రయత్నం. ముందు ల్యాబ్‌లో సరిచూసుకోవాలి. ఎక్స్‌రే తగిలితే సెన్సార్‌లో ఎలక్ట్రాన్ దూకుతుంది, కాంతి ఎటు ఊగితే ఎక్కువగా అటే. పిక్సెల్ పెద్దదైతే ఆ దూకుడు అందులోనే మునిగిపోతుంది. మడి చిన్నదైతేనే కదా, నీళ్లు ఏ గట్టు దాటాయో తెలిసేది! మా పిక్సెళ్లు అంత చిన్నవి.

కానీ నేలే ఒక పక్కకు వాలి ఉంటే? సెన్సార్ సొంత లోపమే అలా చూపిస్తుంటే? అది తేలాలంటే సెన్సార్‌ను అడ్డం నుంచి నిలువుకు తిప్పి మళ్లీ కొలవాలి. నాకు తెలియక కాదు, బద్ధకించాను.

నాతో పనిచేసిన కోదాడ అమ్మాయిని ఇక్కడ స్వరూప అంటాను. అదే కాంతిని ఆమె వేరే సెన్సార్‌తో కొలిచేది. నా కొలతలో ఒకవైపు ఊపు కొట్టొచ్చినట్టు కనిపించింది, ఆమె కొలతలో ఏమీ లేదు.

"అన్నా, తిప్పి చూశావా?" అని అడిగింది.

"తిప్పిన తియ్యి. నీ దాంట్లనే ఏదో తప్పున్నది, సూస్కో."

నేను తిప్పింది సెన్సార్‌ను కాదు, కంప్యూటర్ తెర మీది బొమ్మను. దానివల్ల ఏం తెలుస్తుంది, నా తెలివి తప్ప? అబద్ధం ఆడలేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మర్నాడు ఎవరూ లేనప్పుడు నిజంగానే తిప్పాను. ఆ ఊపు కూడా సెన్సార్‌తో పాటే తిరిగింది. అంటే అది కాంతిది కాదు, సెన్సార్‌ది. అప్పుడైనా చెప్పవచ్చు కదా? అప్పటికే మా గైడు సారు ఆ ఫలితం చూసి అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పు వదులుకోలేక తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. స్వరూపకు పని చేతకాదని తేల్చి పక్కన పెట్టారు. ఆమె చదువు మధ్యలోనే మానేసింది. ఖాళీగా ఉన్న ఆమె స్టూలును చూడలేక కొన్నాళ్లకు నేనూ వచ్చేశాను.

మొన్న సూర్యాపేట బస్టాండులో కనిపించింది. కోదాడలో పిల్లలకు లెక్కలు చెబుతుందట. ప్రయోగాల జోలికి మాత్రం వెళ్లదట, తన చేతిలోనే ఏదో లోపం ఉందట. నవ్వుతూనే చెప్పింది. ఆ మాట నేను తగిలించిందే. చెప్పేద్దామని నోరు తెరిచాను. కోదాడ బస్సు వచ్చింది. సంచి అందించి, జాగ్రత్తగా వెళ్లమన్నాను. ఇంతకంటే పిరికితనం ఉంటుందా?

ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది. సిగ్గు మాత్రం అలాగే ఉంది. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆమె కొలతే సరైనది. ఆమె చేతిలో ఏ లోపమూ లేదు. ఈ సంగతి ఇప్పుడు మీకు తెలుసు, నాకు తెలుసు. స్వరూపకు తెలియదు.