గెలిచిన బండిని కోరుకొనే హక్కు

మా అబ్బాయి చనిపోయిన సంవత్సరంలోనే నేను మోటారుసైకిలు పందేలకు నిబంధనలు వ్రాశాను. ఆ రెంటికీ సంబంధమున్నదని అప్పట్లో నాకు తోచలేదు. అసలు ఆ రోజులలో నాకు ఏదీ తోచేది కాదు. భోజనానికి పిలిస్తే వెళ్లి కూర్చునేవాణ్ణి, విస్తరి ఖాళీ అయితే లేచేవాణ్ణి. అబ్బాయి ఆఫీసులో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్లే గుండె ఆగి వెళ్లిపోయాడు. భవానీపురంలోని మా ఇంట్లో కోడలు, మనుమరాలు, నేను మిగిలాము. వీధి వసారాలో అబ్బాయి పాత బండి మిగిలింది.

అది వాడు మొదటి జీతంతో కొన్న నూరు సీసీ బండి. కారు కొన్న తరువాత కూడా దానిని అమ్మలేదు. ఆదివారం ఉదయం దానిని విప్పి, తుడిచి, మళ్లీ బిగించేవాడు. కూతురు పక్కన పీట వేసుకొని పానాలు అందించేది. వాడు పోయాక మా కోడలు రోజూ సాయంత్రం దీపం పెట్టి, వసారాలోకి వెళ్లి ఆ బండి మీద ఒక పాత దుప్పటి కప్పేది. తెల్లవారి బ్యాంకుకు వెళ్లేముందు దానిని తీసి మడత పెట్టేది.

పరామర్శకు వచ్చినవారిలో నా పూర్వ శిష్యుడొకడున్నాడు. చల్లపల్లి దగ్గర వ్యవసాయం చేస్తాడు, ట్రాక్టర్లు అద్దెకు త్రిప్పుతాడు. కళాశాలలో నేను చెప్పిన తెలుగు పాఠాలన్నీ మరచిపోయినా, నా ఎదుట కాలుమీద కాలు వేసుకోరాదన్నది మాత్రం మరవలేదు. ఏమి మాట్లాడాలో తెలియక, మాట్లాడకుండా లేవడానికి మనసొప్పక, తన పొలంలో జరిగే పందేల సంగతి ఎత్తాడు. వేసవిలో మినుము తీసేశాక, గట్లు చదును చేసిన చేలో యువకులు పాత బండ్లతో పందేలు వేస్తారట.

“తక్కువ ఖర్చులో అయిపోద్దని మొదలెట్టామండీ మాస్టారూ. పాత వంద సీసీ బండి ఎవరింట్లోనైనా పడుంటది కదా. ఇప్పుడేమో ఒకడు పిస్టను మార్పించాడంటారు, ఇంకోడు కార్బొరేటరు ఎక్కడినుంచో తెప్పించాడంటారు. పైకి చూస్తే అన్నీ తుక్కు బళ్లే. లోపలేముందో దేవుడికే తెలియాలి. కిందటేడు చొక్కాలు చింపుకున్నారు కూడానండీ. మీరు రూల్సు రాసిపెట్టండి. మీరు రాస్తే ఎవడూ నోరెత్తడు.”

“నేను బండి ఎక్కి ఎరుగను గదయ్యా.”

“ఏనుగెక్కి చెప్పారాండీ మాకు మత్తేభం?”

నవ్వవలసిన మాటే. నాకు నవ్వు రాలేదు, కాని సరేనన్నాను. ఏ అనుభూతితోనూ ప్రమేయంలేని పని ఏదైనా దొరికితే బాగుండునని ఎదురుచూస్తున్న కాలమది.

ఇంజనీరింగు పూర్తిచేసిన మా మనుమరాలే నాకు ఆ విద్యలో గురువైంది. తండ్రి బండితో తానూ ఆ పందెంలో దిగుతానని అప్పటికే ప్రకటించి ఉన్నది. వాళ్లమ్మ వద్దనలేదు, మంచిదనీ అనలేదు. నేను కాగితం మీద ఒక్కొక్క నియమమూ వ్రాసి వినిపిస్తే, ఆ పిల్ల ఒక్కొక్కదానినీ పడగొట్టేది.

“ఇంజన్ కంపెనీ ఇచ్చినట్టే ఉండాలని రాయొచ్చు తాతయ్యా. కానీ ఎవరు చూస్తారు? ఇంజన్ విప్పితే మళ్లీ బిగించడానికి మెకానిక్కు కావాలి, సామాను కావాలి. గెలిచినోడి ఇంజన్ విప్పించాలంటే ఆ ఖర్చు ఎవరిది? డబ్బున్నవాడు ఎదుటివాడి బండి విప్పమంటాడు. లేనివాడు నోరు మూసుకుంటాడు.”

“అన్యత్ర ఏమి చేస్తారు?”

“వేరే దేశాల్లో కొన్నిచోట్ల ఒక రూల్ ఉంది. ఓడిపోయినవాళ్లలో ఎవరైనా గెలిచిన బండిని ముందే అనుకున్న రేటుకి కొనేసుకోవచ్చు. ఓనరు ఇవ్వనంటే కుదరదు. పాత బండి రేటుకి పోయేదానిలో ఎవడన్నా లక్షలు పోస్తాడా?”

వినగానే ఆ నియమాన్ని గుర్తుపట్టాను. అది వేరే దేశానిదైతే కావచ్చు, మా ఇంట్లోనూ ఉండేది. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పెద్దవాడు పంచాలి, చిన్నవాడు ముందుగా కోరుకోవాలి. మా పెదనాన్నగారు కాలువ కింది పొలాన్ని పంచినప్పుడు, తాటాకు ముక్కను నిలువునా చీల్చినంత సమంగా పంచారని చెప్పుకొనేవారు. ఏ వాటా తనకు మిగులుతుందో తెలియనివాడు అన్యాయంగా పంచలేడు. ధర్మం మనుష్యుని మంచితనం మీద ఆధారపడకుండా నిలబడే చోట్లు లోకంలో కొద్దిగా ఉన్నాయి. అందులో అదొకటి.

అందుచేత తక్కిన నియమాలన్నీ కొట్టివేసి, దానినొక్కదానినే శ్రద్ధగా వ్రాశాను. ఆ పొలంలో పూర్వం ఎడ్ల పందేలు జరిగేవి. గెలిచిన జతకు బంతిపూల దండ వేసే ఆచారం ఇప్పుడు బండికి సంక్రమించింది. పరుగెత్తి ఓడినవారెవరైనా, గెలిచిన బండి మీద దండ ఉన్నంతసేపు, దాని ముందు నిలిచి, నిర్ణీత మూల్యానికి దానిని కోరవచ్చు. బహుమానం గెలిచినవారిదే, బండి మాత్రం కోరినవారిది. కాదన్నవారు మరి ఆ చేలో అడుగు పెట్టరాదు. దండ తీస్తే హక్కు తీరిపోయినట్లు. మినహాయింపు ఎవరికీ లేదు.

చదివి, శిష్యుడు తల గోక్కున్నాడు. “మీ పాప బండి కూడా దిగుద్ది కదండీ. అబ్బాయిగారి బండి. దాని వరకు ఒక ముక్క రాసుకోండి మాస్టారూ, ఎవరూ ఏమీ అనుకోరు.”

వ్రాయనన్నాను. ఆ సాయంత్రం కోడలు మజ్జిగ తెచ్చిచ్చి, “మావయ్యగారూ, ఆ బండి ఆయనది” అన్నది.

“నియమం అందరిదీ అమ్మా.”

ఆమె గ్లాసు పట్టుకొని లోపలికి వెళ్లిపోయింది.

పందేలు మొదలయ్యాక నా నియమంలోని లోపం బయటపడింది. దానిని ఎవరూ వాడలేదు. దాయాదులతో ఏళ్లతరబడి కోర్టులకు తిరగగలవారు, నలుగురి ఎదుట నిలబడి ఎదుటివాడి గెలిచిన బండిని “నాకివ్వు” అనలేకపోయారు. పెళ్లిపందిట్లో పెళ్లికూతురి మెడలోని నగకు ధర అడిగినంత ఎబ్బెట్టుగా తోచింది వారికి. మా సీమలో మొహమాటమనేది ఎంతటి శాసనమో, పుట్టి ఇంతకాలం ఇక్కడే బ్రతికిన నేను లెక్కలోకి తీసుకోలేదు.

వరుసగా గెలుస్తున్నది ఒక చేపల, రొయ్యల చెరువుల ఆసామి బండి. అతని బావమరిది నడిపేవాడు. పైన రంగు వెలసిన ట్యాంకు, చిరిగిన సీటు. లోపల ఇంజను మాత్రం పెద్ద నగరంలో ఎవరిచేతనో చేయించినదని అందరికీ తెలుసు. ఆసామి దండ వేసిన బండి పక్కన నిలబడి, “కోరుకోండయ్యా, ఎవరిక్కావాలి? మొహమాటపడకండి” అని నవ్వేవాడు. ఎవరు కోరుతారు? అక్కడున్నవారిలో సగంమంది అతని చెరువుల మీద బ్రతికేవారు.

ప్రతిసారీ రెండవ స్థానంలో వచ్చేది ఒక చేపల వ్యాపారి. బందరు వైపు మనిషి. తెల్లవారుజామున ఆటోలో పటమట మార్కెట్టుకు సరుకు తెస్తాడు. అక్కడ తల్లి అమ్ముతుంది. అతని బండి ఫ్రేము విరిగితే అతికించి, మళ్లీ విరిగితే మళ్లీ అతికించి నడుపుతున్నాడు. ఒకసారి నా పక్కన కూర్చుని శిరస్త్రాణం తీస్తూ అన్నాడు:

“మీ రూలు బాగుందండీ మాస్టారూ. మా ఇంట్లో తాతలనాటి కత్తి ఉందండి. గోడకుంటది. దసరాకి బొట్టు పెడతాం.”

“మరి నీవెందుకు కోరవు?”

“ఆయన చెరువులోంచే కదండీ నా సరుకు. బండి తెచ్చుకుని, చేపలెక్కడ తెచ్చుకోను?”

తరువాతి పందెంలో ఆసామి బండి ఇంజను అతిగా వేడెక్కి మధ్యలో పట్టేసింది. మా మనుమరాలు గెలిచింది. చేపల వ్యాపారి ఎప్పటివలె రెండవవాడు. శిష్యుడు కేకలు వేస్తూ వచ్చి మా అబ్బాయి బండి హ్యాండిలుకు బంతిపూల దండ వేశాడు. ఆ పిల్ల దుమ్ముకొట్టుకున్న ముఖంతో తండ్రి బండి ట్యాంకు మీద చేయి వేసి నిలబడింది. సంతోషించవలసిన క్షణమని నాకు తెలుసు. తెలియడం వరకే నా వంతు.

ఆసామి దూరంనుంచే అన్నాడు: “శభాష్ పాపా! ఇంక దండ తీసెయ్యమ్మా. మాస్టారి బండిని ఎవడడుగుతాడు?”

చుట్టూ ఉన్నవారు అవునన్నట్లు తలలూపారు. వారి కళ్లలో ఉన్నది గౌరవమే. ఆ గౌరవం మాటున ఏమి జరుగుతున్నదో నాకు స్పష్టంగా కనిపించింది. దయతో మా బండిని వదిలివేస్తే, భయంతో అతని బండిని వదిలివేయడమూ మర్యాదే అవుతుంది. అప్పుడిక డబ్బున్నవాడే ప్రతి వేసవిలోనూ గెలుస్తాడు.

చేపల వ్యాపారిని దగ్గరికి పిలిచాను. “నీకు బండి కావాలా?”

“కావాలండీ. నాది ఇంక అతుక్కోదు.”

“మరి?”

“మీ అబ్బాయిగారిది కదండీ. ఎట్టా అడగమంటారు? మా అమ్మ కొడతదండి.”

“వ్రాసినప్పుడే నాకు తెలుసు, అది మా అబ్బాయిదని.”

మనుమరాలు మా మాటలు విన్నది. “తాతయ్యా, నాన్న బండి” అన్నది.

“ఔను తల్లీ.”

ఆమె నా ముఖంలో దేనికోసమో వెదికింది. అక్కడ ఏమి దొరికిందో నాకు తెలియదు. ఏమీ ఉండి ఉండదు. దండ తీయడానికి ఒక్క క్షణం చాలు. చేయి దండ వరకూ వెళ్లింది. తరువాత ఆ చేతిని వెనక్కి తీసుకొని, రెండు చేతులూ కట్టుకొని, బండికి ఒక అడుగు ఎడంగా జరిగింది.

“అడుగన్నా. ఎండగా ఉంది, త్వరగా అడుగు.”

అతడు చెప్పులు విడిచి బండి ముందుకు వచ్చాడు. గుడిలోకి వచ్చినట్లు వచ్చాడు. “నేను... ఈ బండిని కోరుతున్నానండి” అని ఎవరివైపూ చూడకుండా అన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అతడిచ్చిన మూల్యపు కవరును మనుమరాలు విప్పకుండానే తీసుకొన్నది. బండిని చేపల ఆటోలోకి ఎక్కించి, ఖాళీ ఐసు పెట్టెల నడుమ తాళ్లతో కట్టారు. దండ దానిమీదే ఉండిపోయింది.

సాయంత్రానికి ఇల్లు చేరాము. కోడలు దుప్పటి చేతిలో పట్టుకొని వసారాలోకి వచ్చి, ఖాళీగా ఉన్న చోటును చూసింది.

“కోరారమ్మా” అన్నది మనుమరాలు.

కోడలు లోపలికి వెళ్లింది. బీరువా తలుపు చప్పుడైంది. తిరిగి వచ్చి నా చేతిలో ఒక తాళంచెవి పెట్టింది. అబ్బాయి దాచుకొన్న రెండవ తాళంచెవి. దానికి వాడి చేతి మసి ఇంకా ఉన్నది.

“ఇది కూడా ఇవ్వాలి కదండీ మావయ్యగారూ.”

ఇవ్వాలన్నాను. మరునాడు పటమట మార్కెట్టుకు వెళ్లి, చేపల బుట్టల మధ్య కూర్చున్న అతని తల్లికి ఇచ్చాను. ఆమె చేతులు తడిగా ఉన్నాయని కొంగుతో పట్టుకొన్నది. “మావోడు తప్పు చేశాడా అయ్యగారూ?” అని అడిగింది. లేదమ్మా, నియమప్రకారమే చేశాడని చెప్పాను. ఆమె నమ్మినట్లు లేదు.

వేసవి ముగిసేలోగా మరొక పందెం జరిగింది. మనుమరాలు నా శిష్యుని బండి అరువు తీసుకొని పరుగెత్తి, చాలా వెనుకబడింది. ఆసామి ఇంజను బాగుచేయించుకొని వచ్చి గెలిచాడు. దండ వేశారు. అతడు అలవాటు ప్రకారం నవ్వుతూ, “ఎవరిక్కావాలయ్యా?” అన్నాడు.

“నాకు కావాలండీ అంకుల్.”

మా మనుమరాలు బండి ముందు నిలబడి ఉన్నది. తండ్రి బండికి వచ్చిన పైకాన్నే, విప్పని కవరుతోసహా అతనికి అందించింది. అతడు నవ్వబోయి ఆగాడు. “తమాషాకంటున్నావా పాపా?”

“మా బండి ఇచ్చినప్పుడు తమాషాకి ఇచ్చామా అంకుల్?”

వెనుకనుంచి చేపల వ్యాపారి గొంతు వినిపించింది: “కత్తి గోడమీంచి దిగిందిరోయ్!” అందరూ నవ్వారు, ఆసామి కూడా చివరికి నవ్వవలసి వచ్చింది. తాళంచెవి తీసి ఇచ్చాడు. రెండవది ఇంటి దగ్గరున్నదని, పంపిస్తానని చెప్పాడు. పంపించాడు కూడా.

ఆ బండి ఇప్పుడు మా వసారాలో, పాత బండి నూనె కారిన మరక మీదే నిలబడి ఉన్నది. విలువైన ఇంజనే అంటుంది మనుమరాలు. ఆదివారం ఉదయం దానిని విప్పుతుంది. ఏది ఎందుకో తెలియకపోయినా, పక్కన కూర్చుని అడిగిన పానా అందిస్తుంటాను. మళ్లీ బిగించి, వచ్చే వేసవిలో దానితోనే దిగుతుందట. గెలిస్తే ఎవరో ఒకరు కోరుతారు. ఇప్పుడు అందరికీ అడగడం వచ్చింది.

కోడలు సాయంత్రం దీపం పెట్టి వసారాలోకి వస్తుంది. కాసేపు నిలబడి లోపలికి వెళ్లిపోతుంది. దుప్పటి మడత కిటికీలో అలాగే ఉన్నది.