నంబరు ప్లేటు మీది రెండక్షరాలు

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. మహబూబాబాద్‌లో చాలామందిలాగే నేనూ మా కారు నంబరు ప్లేట్ల మీది ఏపీని మూసేస్తూ టీజీ అని రేడియం స్టిక్కర్లు అంటించాను. పోలియో వల్ల నా రెండు కాళ్లూ పనిచేయవు. బ్రేకూ, యాక్సిలరేటరూ చేత్తోనే నడిపేలా మార్పించుకున్న ఆ కారులో, నా భార్య లక్ష్మితో నేపాల్ చూడటానికి బయల్దేరాను.

నాలుగు రోజులు నడిపి సరిహద్దు చేరాం. కాళ్లు పనిచేయనివాడు బండి నడపటమేమిటని అడుగుతారని డాక్టరు కాగితం సిద్ధంగా పట్టుకున్నాను. అక్కడి నేపాల్ అధికారి దాన్ని చూడనే లేదు. ఆర్సీలో ఏపీ, ప్లేటు మీద టీజీ, ఇది దొంగ బండేమో అన్నాడు హిందీలో.

"టీజీ మా రాష్ట్రం" అన్నాను.

"అలాంటి రాష్ట్రం లేదే!"

ఆ మాట గుండెలో గుచ్చుకుంది. ప్లేటు సరిచేస్తేనే పర్మిట్ అన్నాడు.

"నువ్వు కూసో, నేను తీస్త" అంది లక్ష్మి.

"అంటించింది నేను. తీసుడు గూడ నేనే."

దిగి మట్టిలో కూర్చుని, ముందు ప్లేటు మీది స్టిక్కరును తాళంచెవితో లేపి ఒలిచాను. అందరూ చూస్తుండగా చేతుల మీద పాకుతూ వెనక్కి వెళ్లి రెండోదీ ఒలిచాను. అధికారి పర్మిట్ రాసిచ్చాడు.

వారం తర్వాత తిరిగొస్తూ సరిహద్దు దాటగానే "జర ఆపు" అంది లక్ష్మి. నేను ఒలిచిన అక్షరాలను బిస్కెట్ల అట్ట మీద అంటించి దాచిందట.

వాటిని తిరిగి ప్లేట్ల మీద అంటించడానికి మళ్లీ మట్టిలోకి దిగాను. పదిమందిలో పాకడమంటే చిన్నప్పటి నుంచీ నాకు సిగ్గు. ఆ రోజు ఆ సిగ్గు గుర్తుకే రాలేదు.