ముగ్గేసే చేతికి ఒక తెర

2023 వానాకాలం. మహబూబాబాద్‌లో, మా నోటికి అలవాటైన మానుకోటలో, స్టేషన్ నుంచి బజారుకు వచ్చే దారిలో నా దుకాణం. రీఫర్బిష్డ్ లాప్‌టాప్‌లు అమ్ముతాను. ఒకరు వాడి వదిలేసినవి తెప్పించి, విప్పి, తుడిచి, చెడిన భాగాలు మార్చి, మళ్లీ పరీక్షించి, కొన్నాళ్ల వారంటీతో ఇంకొకరికి ఇవ్వడం నా పని. ఎవరైనా వచ్చి "పాత సామానేనా అక్కా?" అంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. పాతదే, కానీ సామాను కాదు అంటాను.

నాకు పగటికలల జబ్బు ఉంది. మిషన్ విప్పినప్పుడల్లా అది ఎవరి ఒళ్లో కూర్చుని వచ్చిందో ఊహించుకుంటాను. కీబోర్డు మీద కొన్ని అక్షరాలే అరిగి ఉంటాయి. సందుల్లో బిస్కెట్ పొడి దొరుకుతుంది, ఒక్కోసారి పొడవాటి వెంట్రుక. ఇక నా చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోతుంది, మనసు ఎక్కడో ఒక ఊళ్లో ఎవరిదో కిటికీ పక్కన కూర్చుంటుంది. మా ఆయన చూసి, "మళ్ల పోయినవా?" అని నవ్వుతాడు.

ఆ రోజుల్లో నా దగ్గర బూడిదరంగు టూ-ఇన్-వన్ ఒకటి ఉండేది. అంటే లాప్‌టాపూ అదే, ట్యాబ్లెట్టూ అదే. తెరను వెనక్కి పూర్తిగా మడిస్తే పలకలా చేతిలోకి వస్తుంది. సగం మడిచి బోర్లిస్తే గుడారంలా నిలబడుతుంది, దాన్ని టెంట్ మోడ్ అంటారు. రాయడానికి ఒక పెన్ను కూడా వచ్చింది. దానికున్న జబ్బు ఒక్కటే, పామ్ రిజెక్షన్ సరిగా లేకపోవడం. రాసేటప్పుడు మన అరచెయ్యి తెరకు ఆనుతుంది కదా, మంచి మిషన్ ఆ చేతిని పట్టించుకోకుండా పెన్నునే పట్టించుకుంటుంది. ఇది మాత్రం చెయ్యి ఆనిన చోటల్లా పిచ్చిగీతలు గీసేది. తీసుకున్నవాళ్లు తిరిగి తెచ్చి ఇచ్చారు. నాకు దాని మీద జాలి, పై అరలో పెట్టుకున్నాను.

ఒక మధ్యాహ్నం తుంపర పడుతుండగా ఇద్దరు వచ్చారు. ముందు పెద్దాయన, వెనక గొడుగుతో ఆమె. లోపలికి రాగానే ఆమె ఆయన మీద కయ్యిమని లేచింది.

"కూసో! ఈడ! కుర్సీల కూసో!"

మెడ నరాలు ఉబ్బాయి, కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఆయన తిట్లు తిన్న పిల్లాడిలా తలొంచుకుని కూర్చున్నాడు. గయ్యాళి దొరికిందిరా దేవుడా అనుకున్నాను. అంతలో ఆమె నా వైపు తిరిగి మెత్తగా, "మాట్లాడితె అచ్చరాలు పడే పెద్ద ఫోనుంటదట గదా బిడ్డా? జనగామల మా బిడ్డ చెప్పింది. గది జర సూపియ్యి" అంది.

ఆమె పేరు సమ్మక్క, ఆయన భిక్షపతి. భూపాలపల్లిలో భూమి లోపలి బొగ్గుగనిలో డ్రిల్లింగ్ పని చేసి చేసి ఆయన చెవులు పోయాయి. ఉద్యోగం దిగిపోయాక బయ్యారం దగ్గర సొంతూరికి వచ్చి ఉంటున్నారు. చెవి మిషన్ పెట్టి చూడలేదా అని నేను సైగ చేస్తే ఆయనకు అర్థమైంది. "పెట్టినం బిడ్డా! గాలిదుమారం ఒక్కటే ఇనబడ్తది!" అన్నాడు, బజారంతా వినబడేలా.

సమ్మక్క కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. "ఒకప్పుడు ఈయన నోరు మూస్తె గద! డ్యూటీ దిగొచ్చి గనిల ముచ్చట్లన్నీ చెప్పేటోడు, కూర మాడిపోయేది. ఇప్పుడు పొద్దంత బయట అరుగు మీదనే కూసుంటాండు. పిలిస్తె ఇనబడది, పలకడు. ఒక్క ఇంట్ల ఇద్దరం రెండు ఊర్లోల్ల లెక్క బతుకుతున్నం. ఈయనతోని మళ్ల మాట్లాడాలె బిడ్డా, నాకు గంతే."

పై అరలోంచి ఆ బూడిదరంగు దాన్నే దించాను. గుడారంలా నిలబెట్టి, తెర ఆయన వైపు తిప్పి, వాయిస్ టైపింగ్ పెట్టాను. మనం మాట్లాడింది మిషన్ ఇంటర్నెట్ సాయంతో అక్షరాల్లోకి మారుస్తుంది. సమ్మక్క కొంగు సర్దుకుని, కలెక్టర్ ముందు నిలబడ్డట్టు బిగుసుకుపోయి, "అన్నం... తిన్నరా" అంది. తెర మీద అక్షరాలు పడ్డాయి. భిక్షపతి ముందుకు వంగి, కూడబలుక్కుని చదివాడు.

"గిది నువ్వే అన్నవా?" అని ఆమెను అడిగాడు.

ఆమె నన్ను చూసింది. "ఏం రాసింది బిడ్డా?" చదివి చెప్పాను. సరిగ్గానే రాసింది. ఆమె ముఖం మాత్రం విచ్చుకోలేదు. "ఇయ్యాల నువ్వున్నవు, సదివి చెప్పినవు. ఇంటికాడ నేనొకటంటె గదొకటి రాస్తె? నాకు సదువు రాకపాయె. నేను అనని మాట నా పేరు మీద ఆయనకు పోతె ఎట్ల?"

ఆమె భయం న్యాయమే. పైగా వాళ్ల ఊళ్లో నెట్ వానకు పోతుందట, ఎండకు వస్తుందట. అరలోంచి కదలని మిషన్‌కు బేరం తగిలితే ఏ దుకాణందారుకు చేదు? కానీ అబద్ధం చెప్పి అంటగట్టే అలవాటు నాకు లేదు. "వద్దు పెద్దమ్మా, ఇది మీకు కుదరది. దీని పెన్ను సుత సక్కగ పనిచెయ్యది" అని తెల్ల పేజీ తెరిచి, అరచెయ్యి ఆనించి గీసి చూపించాను. తెర నిండా కోడి కెలికినట్టు గీతలు.

వాళ్లు లేచారు కానీ వాన పెద్దదైంది. బయ్యారం బస్సుకు ఇంకా సమయం ఉంది. టీ తెప్పించాను. కరెంటు పోయి దుకాణం మసకబారింది. ఆ తెర ఒక్కటే తెల్లగా వెలుగుతోంది, ఆ వెలుగు సమ్మక్క ముఖం మీద పడుతోంది. టీ ఆవిరి, వాన చప్పుడు. నేను మెలకువగా ఉన్నానో కలలో ఉన్నానో చెప్పలేని ఒక మగత.

"గా పుల్ల నాకియ్యి బిడ్డా" అంది సమ్మక్క.

పెన్ను ఇచ్చాను. ఆమె దాన్ని మనలా పట్టుకోలేదు. మూడు వేళ్ల మధ్య, ముగ్గు పిండి పట్టినట్టు పట్టుకుంది. మణికట్టు పైకి లేచి ఉంది, అరచెయ్యి ఎక్కడా ఆనలేదు. చుక్కలు పెట్టింది. చుక్కల చుట్టూ గీత తిప్పింది. ఒక్క పిచ్చిగీత పడలేదు. నేను లేచి ఆమె వెనక నిలబడ్డాను. ఈ మిషన్ లోపం ఆమె చేతికి అసలు తగల్లేదు.

"గోడలకు ఎర్రటి జాజు పూసి, సున్నంతోని ఎన్ని ఏసిన్నో" అంటూ ఆమె ముగ్గు వదిలేసి పక్కనే ఇంకేదో మొదలుపెట్టింది. నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు. ఒక పందిరి, దాని మీద తీగ. కట్టె పట్టుకుని ఉరుకుతున్న ఆడమనిషి.

వాన చూస్తున్న భిక్షపతి ఇటు తిరిగాడు. "గిది మన నల్లమేకనే గదా?" సమ్మక్క తల ఊపింది. "చిక్కుడు పాదు తిన్నదా? ఎప్పుడు? నాకు చెప్పకపోతివి!" జవాబుగా ఆమె, నోరు బార్లా తెరిచిన ఆడమనిషి బొమ్మ గీసింది. దాని పక్కన, అరుగు మీద అటు తిరిగి కూర్చున్న మగమనిషి, చేటంత చెవులతో. ఆయన పకపకా నవ్వాడు. గీస్తూ గీస్తూ ఆమె కూడా నవ్వుతోంది.

అప్పుడు ఆయన తెరను చూడడం మానేసి ఆమె ముఖం చూశాడు. ఆ రోజు మొదటిసారి గొంతు తగ్గించి అడిగాడు.

"సమ్మక్కా, నీకు నా మీద కోపం లేదా?"

ఆమె పెన్ను ఆగింది. "కోపమెందుకు!" అని అరవబోయి, సగంలో ఆగిపోయింది.

"నువ్వు నోరు తెరిస్తె నాకు మాట ఇనబడది, మొఖమే కనబడ్తది. ఎప్పుడు చూసినా కొట్లాటకు వచ్చిన మొఖమే. చెవిటోనితోని సంసారం నీకు యాష్టకొచ్చిందనుకున్న. నీకు అడ్డం ఉండొద్దనే బయట కూసుంటాన్న."

గట్టిగా అరిచేటప్పుడు ఎవరి ముఖమైనా అలాగే ఉంటుంది. గడప దాటి రాగానే నేనూ ఆమెను గయ్యాళి అనుకున్నాను కదా. సమ్మక్క కళ్ల నీళ్లు పెట్టుకుని నాతో, "ఆయనకు ఇనబడాల్నని గద బిడ్డా నేను ఒర్లేది!" అంది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, నోరు తెరిచిన బొమ్మ పక్కన ఇంకో బొమ్మ గీసింది. నోరు మూసుకుని, చిన్న నవ్వుతో ఉన్న ఆడమనిషి. దాన్ని వేలితో చూపించి, అదే వేలు తన గుండెకు ఆనించుకుంది. ఆయన ఆ వేలు పట్టుకున్నాడు.

ఇక అమ్మడం తేలికే. అయినా నా నోరు ఊరుకోదు. "గీ పని పలకతోనో నోట్‌బుక్కుతోనో సుత అయితది పెద్దమ్మా" అన్నాను. ఒక కాగితం, బాల్ పెన్ను ఇచ్చాను. ఆమె ముగ్గు చెయ్యి ఒత్తదు. కాగితం మీద గీత పడీ పడనట్టు పడింది. శుక్లాలు మొదలైన భిక్షపతి దాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, కనబడటం లేదని తిరిగి ఇచ్చేశాడు. తెర మీదైతే ఆ మెత్తటి తాకిడికే నల్లటి గీత పడుతోంది, రెండు వేళ్లతో పెద్దది చేసుకోవచ్చు, నెట్ అక్కర్లేదు. నేను తెర మీదే పెద్ద అక్షరాలతో "పలక చాలదా పెద్దనాయినా?" అని రాశాను.

ఆయన నిదానంగా చదివి తల అడ్డంగా ఊపాడు. "పలక మీద రెండో బొమ్మ ఏయాలంటె మొదటిది తుడవాలె బిడ్డా. ఇన్నేండ్ల సంది ఈమె మాటలు నా చెవులల్ల పడక గాలికే పోయినయి. ఇగ ఒక్కటి సుత పోవద్దు నాకు."

బ్యాటరీ మార్చి, వదులైన మడత బందు బిగించి ఇచ్చాను. వాళ్లు వెళ్లాక ఆ సాయంత్రం పనేమీ చేయలేదు. బయ్యారం దగ్గర ఎక్కడో ఒక అరుగు, చీకటి పడుతున్న వేళ, బూడిదరంగు తెర వెలుతురులో రెండు తలలు దగ్గరగా వంగి ఉండటం కనబడుతూనే ఉంది. ఈసారి మా ఆయన కూడా పిలవలేదు.

కొనాలా వద్దా అని ఎవరడిగినా ఇప్పుడు నేను వెంటనే జవాబు చెప్పను. మిషన్ వాళ్ల ముందు తెరిచి పెట్టి, టీ చెప్పి, కాసేపు నోరు మూసుకుని వాళ్ల చేతులు చూస్తాను. ఏ భాగం ఎంత బాగుందో నాకు తెలుసు, ఎవరి చేతికి ఏది కావాలో వాళ్ల చేతులే చెబుతాయి. వద్దనిపిస్తే వద్దనే అంటాను.

దసరా వెళ్లాక భిక్షపతి ఒక్కడే వచ్చాడు. పెన్ను కొసకు ఉండే నిబ్ పూర్తిగా అరిగిపోయింది. కొత్తది వేస్తూ, "ఎట్లున్నరు ఇద్దరు?" అని తెర మీద రాసి చూపించాను.

"రోజు కొట్లాడుతున్నం బిడ్డా!" అన్నాడు, మళ్లీ బజారంతా వినబడేలా, ముఖమంతా నవ్వుతో. "ఇప్పుడైతె దేనికి కొట్లాడుతాందో నాకు ఎరుకైతాంది!"