పేరు రాయకుండా కౌంటీకి పంపిన ఉత్తరం

శుక్రవారం సాయంత్రాలు మా వీధిలో కార్లు ఆగడం మొదలైన కొత్తలో నేను పట్టించుకోలేదు. రెండో నెల నుంచి పట్టించుకున్నాను. హాల్లో బ్లైండ్స్ పలక ఒకటి వేలితో పైకెత్తి, ఎదురింటి ముందు ఎవరు దిగుతున్నారో, ఎంతసేపు ఉంటున్నారో, చేతిలో ఏం పట్టుకెళ్తున్నారో చూసేవాణ్ణి. రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ అక్కడి నుంచి మొదలుపెట్టకపోతే మిగతాది నిజంలా ఉండదు.

ఎదురింటివాళ్ళు మాలాగే అమెరికా వచ్చిన తెలుగువాళ్ళే. భర్త ఐటీలో, హెచ్-వన్ ఉద్యోగ వీసా మీద ఉన్నాడు. భార్యది డిపెండెంట్ వీసా, పనిచేసే అనుమతి లేదు. గుంటూరు అమ్మాయి, నన్ను అన్నయ్యా అని పిలిచేది. గురువారం పొద్దున మా వాట్సాప్ గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టేది: "రేపు గోంగూర పప్పు, గుత్తివంకాయ, చక్రపొంగలి చేస్తున్నా. కావాల్సినవాళ్ళు చెప్పండి." ధర రాసేది కాదు, అందరికీ తెలుసు. ఫోన్‌లో డబ్బు పంపేటప్పుడు కింద "బర్త్‌డే గిఫ్ట్" అని రాయాలన్న పద్ధతి కూడా అందరికీ తెలుసు. ఆవిడకి ఏడాదికి యాభై పుట్టినరోజులని గ్రూప్‌లో జోకులు నడిచేవి.

మేమూ తెప్పించుకునేవాళ్ళం. ఆ గుత్తివంకాయ తింటూనే నేను అనుమానపడేవాణ్ణి. టాక్స్ కడుతున్నారా? ఎవరికైనా కడుపు నొప్పి వస్తే బాధ్యత ఎవరిది? పట్టుబడితే ఇక్కడి తెలుగువాళ్ళందరి మీదా మచ్చ పడదా? ఒకసారి నా డ్రైవ్‌వేకి అడ్డంగా ఎవరో కారు పెట్టి వెళ్తే, అది కావాలనే చేశారని రెండు రోజులు నమ్మాను.

సరిగ్గా అప్పుడే మా కౌంటీలో, అంటే ఇక్కడి జిల్లాలో, ఈ సంగతి చర్చకు వచ్చింది. రాష్ట్ర చట్టసభ కొన్నేళ్ళ ముందే ఒక చట్టం చేసింది. ఇంటి వంటగదిలో వండి, చిన్న హోటల్లాగా అమ్ముకోవచ్చు. అయితే ఏ కౌంటీ ఒప్పుకుంటే ఆ కౌంటీలోనే. కౌంటీ ఒప్పుకున్నాక అందులోని సిటీలు తమ దగ్గర కుదరదనడానికి వీల్లేదు. పార్కింగ్ గొడవలు మాకు, పర్మిట్ ఇచ్చేది మీరా అని సిటీవాళ్ళు గొణిగారు. నాకు అందరి మీదా అనుమానమే. రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో కూర్చుని మా వీధి సంగతి తేలుస్తున్నారంటే వెనక ఏదో ఒక ఫుడ్ యాప్ కంపెనీ ఉండే ఉంటుందనుకున్నాను.

కౌంటీ బోర్డు జనం అభిప్రాయం అడిగింది. వెబ్‌సైట్‌లో రాయడానికి ఒక పెట్టె ఇచ్చారు. పేరు ఇవ్వడం తప్పనిసరి కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని రాశాను. మా వీధిలో ఇప్పటికే లైసెన్స్ లేని వంటగది ఒకటి నడుస్తోందని, ప్రతి శుక్రవారం ఆరింటి నుంచి ఏడింటిదాకా కార్లు వస్తాయని, ఇలాంటివాటిని ఒప్పుకోవద్దని. వీధి పేరు రాశాను, ఇంటి నంబరు రాయలేదు. నంబరు రాయకపోవడం నా మంచితనం అనుకున్నాను.

ఆ పెట్టెలో రాసిందంతా మీటింగ్ కాగితాల్లో కలిపి అందరికీ కనబడేలా పెడతారని పైనే రాసి ఉంది. ఆఫీసులో ఏ ఫారమైనా చిన్న అక్షరాలతో సహా చదివే మనిషిని, అది చదవలేదు.

మీటింగ్ ఇంట్లో లాప్‌టాప్‌లో చూశాను. బోర్డులో ఒకావిడ నా ఉత్తరమే తీసి చదివింది. "చూడండి, ఎలాగూ జరుగుతోంది. దాక్కుని వండే బదులు పర్మిట్ ఇచ్చి ఇన్‌స్పెక్షన్ చేయడం నయం కదా" అంది. ఓటింగ్ పెట్టారు, పాసయింది. వద్దని నేను రాసింది కావాలనడానికి పనికొచ్చింది.

రెండు రోజులకి గ్రూప్‌లో ఆ పేజీ ఫోటో వచ్చింది. మా వీధి పేరు చుట్టూ ఎవరో ఎర్ర గీత గీశారు.

"ఎవర్రా బాబూ ఈ మహానుభావుడు?"

"మనలోవాడే. టైంతో సహా రాశాడు."

"తిని రాశాడా, తినకుండా రాశాడా?"

"తినే ఉంటాడు. అంత కడుపు నిండితే కానీ అంత ఇంగ్లిష్ రాదు."

నవ్వుల బొమ్మలు వరసగా వచ్చాయి. తర్వాత, వంటావిడ గ్రూప్ నుంచి వెళ్ళిపోయినట్టు సన్నటి అక్షరాల్లో ఒక లైన్ కనబడింది. ఇక ఎవరూ నవ్వలేదు.

అప్పుడు నేను నోరు మూసుకుని ఉంటే నా తప్పు ఒకటే అయ్యేది. "మీటింగ్‌కి మనవాళ్ళెవరో వెళ్ళారట కదా, వాళ్ళనడిగితే తెలుస్తుందేమో" అని టైప్ చేశాను. వెళ్ళింది ఒక్కావిడేనని నాకు తెలుసు. పక్క వీధిలో ఉండే ఫార్మసిస్ట్, వరంగల్ ఆవిడ, వంటావిడకి అందరికంటే దగ్గర స్నేహితురాలు. రెండు నిమిషాలు మైకు ముందు నిలబడి, ఇంటి వంటలకి పర్మిట్ ఇవ్వమని బోర్డుని అడగడం నా కళ్ళతో చూశాను. ఆ మాట గ్రూప్‌లో చెప్పలేదు. సాయంత్రానికి అందరి అనుమానం ఆవిడ మీదికే వెళ్ళింది.

మరుసటి వారం కౌంటీ ఆరోగ్య శాఖ మా వీధిలో ప్రతి ఇంటికీ ఒక కాగితం పంపింది. ఇంట్లో వండి అమ్మేవాళ్ళు ఇకనుంచి పర్మిట్ తీసుకోవాలని. ఆ సాయంత్రం ఎదురింటావిడ ఆ కాగితం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"అన్నయ్యా, మీకూ వచ్చిందా ఇది? లేక మాకొక్కళ్ళకే పంపారా?"

మాది వంటింటి సొరుగులో ఉంది. "మెయిల్ ఇంకా చూడలేదమ్మా" అన్నాను.

"పర్మిట్‌కి నా పేరు రాసి సంతకం పెట్టాలట. పెడితే పనిచేస్తున్నానని నేనే ఒప్పుకున్నట్టు. వచ్చే నెల గ్రీన్‌కార్డ్‌కి ఫైల్ చేయాలి. పర్మిషన్ లేకుండా ఎప్పుడైనా పనిచేశారా అని ఫారంలో అడుగుతారు. మా ఆయన అన్నం తినడం మానేశాడు." గొంతు తగ్గించింది. "రాసిందెవరో తెలిసిందిలెండి. నా ఇంట్లో మనిషిలా తిరిగిందే. ఫోన్ చేసి అనాల్సినవన్నీ అనేశాను."

మంచినీళ్ళు కావాలా అని అడిగాను.

ఆవిడ వెళ్ళాక నా భార్య సొరుగులోని కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మీరే కదా?"

నేను ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాను.

నా భార్య బ్లౌజులు చాలా బాగా కుడుతుంది. మేమూ అదే వీసాల మీద ఉన్న రోజుల్లో చుట్టుపక్కల ఆడవాళ్ళు బతిమాలేవాళ్ళు. డబ్బు తీసుకుంటే చట్టం తప్పినట్టేనని నేను ఒక్క బ్లౌజుకీ ఒప్పుకోలేదు. కుట్టుమిషన్ ఏడేళ్ళు క్లోసెట్‌లో ఉండిపోయింది. పనిచేయడానికి అనుమతి కార్డు వచ్చేనాటికి తనకి మనసు పోయింది.

"మీరు వద్దన్నారు, నేను ఊరుకున్నాను. ఆ అమ్మాయి ఊరుకోలేదు. మీకు మంట అక్కడ."

"అదేం కాదు. రూల్ అంటే..."

"రూల్‌కే అయితే పేరు రాసి ఉండేవారు. వెళ్ళి చెప్పండి."

నాలుగు రోజులు వెళ్ళలేదు. ఆ నాలుగు రోజులూ నన్ను అందరూ కనిపెట్టేశారనే అనిపించింది. ఇండియన్ స్టోర్‌లో ఒకాయన తల ఊపి ఆగకుండా వెళ్ళిపోతే, ఈయనకి తెలిసిపోయిందనుకున్నాను. కుక్కని తిప్పే ముసలాయన మా ఇంటి ముందు ఆగితే, మా ఇంటివైపే చూస్తున్నాడనుకున్నాను. ఆ స్నేహితురాలు ఇన్ని రోజులుగా ఇలాగే తిరుగుతోంది కదా అని నాలుగో రోజున తట్టింది.

శనివారం పొద్దున వెళ్ళేసరికి ఎదురింటావిడ గరాజ్‌లో పెద్ద గిన్నెలు అట్టపెట్టెల్లో సర్దుతోంది, ఎవరికో ఇచ్చేయడానికి.

"అమ్మా, ఆ ఉత్తరం రాసింది నేను."

నవ్వబోయి, నా మొహం చూసి ఆగింది.

"గ్రూప్‌లో మీటింగ్‌కి వెళ్ళినవాళ్ళనడగమన్నది కూడా మీరేనట కదా?"

"నేనే."

"అది ఎవరో తెలిసే అన్నారా?"

"తెలిసే అన్నాను. ఆవిడ నీ తరఫున మాట్లాడిందమ్మా. నీ పేరు ఎక్కడా రానివ్వలేదు."

కేకలేస్తుందనుకున్నాను. చేతిలో గిన్నె కింద పెట్టి మెట్టు మీద కూర్చుంది. "ఉత్తరం సంగతి వేరే అన్నయ్యా. నేను దొంగచాటుగా చేశాను, మీరు చెప్పారు. ఏమొచ్చినా మేం పడతాం. కానీ దాన్ని నేను ఏమేం అన్నానో మీకు తెలీదు." కాసేపటికి లేచింది. "రండి. నాకు చెప్పిందే దానికీ చెప్పండి."

ఇద్దరం నడిచి వెళ్ళాం. నాకంటే పది అడుగులు ముందు నడిచింది. ఫార్మసిస్ట్ డ్యూటీకి బయలుదేరుతూ తెల్లకోటుతోనే తలుపు తీసింది. గుమ్మం బయటే నిలబడి మొత్తం చెప్పాను. ఆవిడ నావైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"నన్ను ఒక్కసారి అడగకపోయినవా?" అని స్నేహితురాల్ని అడిగింది.

"అడగాలంటే భయమేసిందే."

"ఏం భయం?"

"నువ్వేనంటావేమోనని."

ఫార్మసిస్ట్ చేతిలోని కారు తాళాలు కోటు జేబులో వేసుకుంది. తర్వాత నాతో, "మీరు పోండి సార్" అంది. వచ్చేశాను. ఇంటికి రాగానే గ్రూప్‌లో నా పేరు మీద నిజం రాశాను. ఇద్దరు గ్రూప్ వదిలి వెళ్ళారు. నేను వెళ్ళలేదు, ఉండి పడాలనిపించింది.

వాళ్ళ గ్రీన్‌కార్డ్ ఫారం వెళ్ళింది. దాచకుండా రాయమని లాయర్ చెప్పాడట, అలాగే రాశారట. ఈ మాట ఎదురింటావిడ నాకు చెప్పలేదు. ఫార్మసిస్ట్ మందుల కౌంటర్ దగ్గర నా భార్యకి చెప్పింది. జవాబు ఇంకా రాలేదు. అది వచ్చేదాకా ఆ ఇంట్లో రోజులు ఎలా గడుస్తాయో నాకు చాలా బాగా తెలుసు, పదకొండేళ్ళు నేనూ అలాగే ఎదురుచూశాను. తెలిసీ రాశాను.