మామ తుపాకీకి కొత్త ట్రిగ్గర్

తిరుమలేష్‌కి ఎవరికైనా లేదని చెప్పడం చేతకాదు. అంతటితో ఆగితే బాగుండేది. అడగని వాళ్ళ చేత కూడా అడిగించుకుంటాడు. ఊరికి టికెట్ తీసుకోగానే ఫోన్ పట్టుకుని, "ఏం తేవల్ల చెప్పు" అని బంధువులందరి ప్రాణాలూ తోడేస్తాడు. ఏమీ వద్దంటే అలుగుతాడు. సింగపూర్‌లోని జురాంగ్ ఐలాండ్ ఫ్యాక్టరీల్లో పంపులు బాగుచేసే మెకానిక్. యూ టీ అనే పేటలో ఫ్లాట్, మా ఇద్దరిదీ ఒకే గది. అతని పెట్టెలో సొంత బట్టలకు చోటుండటం నేనెప్పుడూ చూడలేదు.

ఈసారి మదనపల్లె దగ్గరుండే మేనమామ కొండయ్యను పట్టుకున్నాడు. వేరుశనగ చేలో పడే అడవిపందులను బెదరగొట్టడానికి ఆయనకు లైసెన్సున్న పాత బోల్ట్ రైఫిల్ ఒకటుంది. వీడు వదలకపోయేసరికి, "ఆ తుపాకి ట్రిగ్గర్ శానా బిగువురా, వేలు నొస్తాది. మెత్తంది దొరికితే తే" అన్నాడట.

ఇంకేముంది, మావాడికి పండగ. వీడియోలు చూశాడు, ఆ రైఫిల్‌కి సరిపోయేది వెతికాడు, అమెరికా సైట్‌లో ఆర్డర్ పెట్టి మా ఫ్లాట్ అడ్రస్ ఇచ్చాడు. అన్నం తింటుంటే ఫోటో చూపించాడు.

"చూడు జనార్దనన్నా, పాతది తీసి ఇది బిగిస్తే, ఇట్లా తాకితే చాలు."

నాకు ముద్ద దిగలేదు. "ఒరేయ్, ఇది సింగపూర్! తుపాకీ దాకా ఎందుకు, అందులో ముక్క తెప్పించినా లైసెన్సు లేకపోతే జైలే."

"ఇనప ముక్కే కదన్నా?" అన్నాడు గానీ మొహం పాలిపోయింది.

ఆర్డర్ రద్దు చేయమని మెయిల్ పెట్టాం. జవాబు లేదు. నాకు కోపం, భయం రెండూనూ. ఆ అడ్రస్ నాది కూడా కదా! తలుపు తడితే చాలు, వాడు బాత్రూంలో దూరి గడియ పెట్టుకునేవాడు. పక్కింటి మలయ్ ఆంటీ కూర తెచ్చినా అంతే. చివరికి నేనే లాక్కెళ్ళి పోలీసుల ముందు కూర్చోబెట్టాను. ఆఫీసరు అంతా రాసుకుని, పార్సిల్ వస్తే విప్పకుండా ఫోన్ చేయమన్నాడు. తర్వాత ఏమవుతుందో మాత్రం చెప్పలేదు. ఆ మాట చెప్పనందుకే మాకు నిద్ర పట్టలేదు.

ఒక సాయంత్రం ఆ సైట్ వాళ్ళ మెయిల్ వచ్చింది. అనుమతి లేకుండా ఆ సరుకు దేశం దాటించలేమని, ఆర్డర్ రద్దు చేశామని. దాన్ని పోలీసులకు పంపించి నేను కుర్చీలో కూలబడ్డాను. వాడు మాత్రం ఇంకా బిగుసుకునే ఉన్నాడు.

"మామకి ఏమని చెప్పల్లన్నా? ఆశ పెట్టుకుని ఉంటాడు."

జైలు తప్పిన మనిషికి ఇదా దిగులు! నేనే నంబరు కలిపి, స్పీకర్ పెట్టి చేతికిచ్చాను.

"మామా... ఆ ట్రిగ్గరు... నేను తేలేను మామా."

అవతల కొండయ్య నవ్వాడు.

"పోనీలేరా. ఆ తుపాకి ఎలక్షన్లప్పుడు స్టేషన్లో అప్పజెప్పినా. మళ్ళ తెచ్చుకోనేలేదు. ఏమీ వద్దంటే నువ్వు అలుగుతావని, దొరకనిది ఏదో ఒకటి చెప్తిని."

తిరుమలేష్ కళ్ళు తుడుచుకున్నాడు. నాకు వాణ్ని చూస్తే జాలేసింది. వాడు ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"అట్లయితే మామా, ఇంకేం తేవల్ల చెప్పు."

నేను ఫోన్ లాక్కున్నాను.