పెనిమిటి పేరు చెప్పి వేసిన ఓటు

ఇట్లా దగ్గరగా జరిగి కూర్చోండి, చాప మీద ఇంకా చోటుంది. కుప్పం నుంచి పుంగనూరు పోయి నేను మొదటిసారి ఓటు వేసి వచ్చిన ప్రయాణం చెబుతాను. ఆ దారిన పోవాల్సిన వాళ్ళకు బస్సు ఎక్కడ మారాలో కూడా తెలుస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. పెద్దకూతురి కాన్పుకని నేను కుప్పంలో ఉన్నాను. మా ఇల్లూ భూమీ చౌడేపల్లె పక్కన. మా ఆయన ఎద్దులబండి మీదినుంచి పడి కాలు విరగ్గొట్టుకుని మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో ఉన్నారు, మా మరిది తోడున్నాడు. అక్కడినుంచి కార్డు వస్తే అల్లుడు చదివి వినిపించాడు. శిస్తు కట్టే రైతుకూ, అతని భార్యకూ ఓటుందట. బుధవారం పుంగనూరులో వేస్తారట. కింద ఒక్క ముక్క గట్టిగా రాయించారు: "నేను మంచం దిగేది లేదు. ఈ తూరి మన ఇంటి ఓటు నీ చేతిలో ఉండాది, పోగొట్టొద్దు."

బుధవారం ఉదయం ఆరు గంటలకు బొగ్గుబస్సు ఎక్కాను. పెట్రోలు దొరకని కాలం. బస్సు వెనక కొలిమిలాంటి డబ్బా ఉండేది. క్లీనరు దాని చక్రం తిప్పి తిప్పి బొగ్గు రాజేస్తే అరగంటకు కదిలింది. నా మూటలో సంగటి ముద్ద, నంజుకోను ఊరిబిండి పచ్చడి. వి.కోట దాటాక మిట్ట ఎక్కలేకపోతే మగవాళ్ళు దిగి నెట్టారు. పలమనేరు చేరేసరికి పది. అక్కడ బస్సు మారాలి. మారే చోట నీడ లేదు, గొడుగు పట్టుకుపోండి.

పెద్దపంజాణిలో ఒక ముసలి కరణం ఎక్కి నా ముందు సీటులో కూర్చున్నాడు. మా నియోజకవర్గం పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆయన నాలుక మీదే ఉన్నాయి. చట్టసభకు పోయిన మొదటి మెంబరుకు ఓటేసినవాళ్ళంతా ఒక్క భోజనాల పంక్తికి సరిపోయేవాళ్ళట. పల్లెల్లో ఎవరూ ఆయన ముఖం చూడలేదు. రెండో ఆయన కారులో వచ్చి వంక మీద వంతెన కట్టిస్తానన్నాడు. కారు పోయింది, మాటా దాంతోనే పోయింది. మూడో ఆయన మెంబరు పని మధ్యలో స్వరాజ్యం కోసమని జైలుకు పోయాడు. "జనానికి గుర్తుండేది ఆ జైలుకు పోయినాయనేనమ్మా," అన్నాడు కరణం. నేనూ ఓటుకే పోతున్నానంటే ఎగాదిగా చూసి, అక్కడ పేరు అడుగుతారు, తడబడొద్దన్నాడు. నా పేరు నాకు తెలియదా అని నవ్వుకున్నాను. అయినా పుంగనూరు దాకా 'లక్ష్మమ్మ, లక్ష్మమ్మ' అని లోలోపల అనుకుంటూనే ఉన్నాను.

పన్నెండున్నరకు దిగాను. బడిలో ఆడవాళ్ళకు వేరే గది పెట్టారు. వరసలో నా వెనక మా ఊరి రెడ్డెమ్మ నిలబడింది. వరసకు నాకు ఆడబిడ్డ. గుమాస్తా పేరడిగితే ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన పెద్ద పుస్తకమంతా తిరగేసి తల ఊపాడు. జాబితా రాసేవాళ్ళు ఊరికి వచ్చిన రోజు మేమంతా తలుపు చాటున నిలబడి పేర్లు చెప్పలేదు. దాంతో వాళ్ళు 'ఫలానా వారి భార్య' అని రాసుకుపోయారు.

"నీ పేరు ఈడ లేదమ్మా. పెనిమిటి పేరు చెప్పు."

మొగుడి పేరు పలికితే ఆయుష్షు తరుగుతుందని మా అత్త చెప్పిన మాట. అసలే ఆయన మంచం మీద ఉన్నారు. తెలివిగా తప్పించుకుందామని, ఏడుకొండలవాని పేరేనన్నాను.

గుమాస్తా నవ్వాడు. "వెంకటప్ప, శీనప్ప, గోవిందప్ప, తిరుమలప్ప. ఈ పుస్తకంలో సగం మంది ఏడుకొండలోళ్ళేనమ్మా. నీ మొగుడు యా కొండ?"

రెడ్డెమ్మ చెప్పబోతే ఆయన ఒప్పుకోలేదు, నా నోటితోనే చెప్పాలన్నాడు. పోటీలో ఉన్న అవతలి ఆయన తరపున కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దమనిషి పళ్ళు ఇకిలించాడు. "మొగుని పేరు చెప్పలేని ఆమెకు మెంబరును ఎంచే తెలివి యాడుంటాది? పంపెయ్యి."

వెనక వరసలో ఇద్దరు అప్పుడే ఇంటి దారి పట్టారు. మా అందరి ఓట్లూ ఆ గది బయటే ఆగిపోయేట్టున్నాయి. అప్పుడు రెడ్డెమ్మ చరచరా ముందుకు వచ్చి, పెట్టెలున్న లోపలి గది గడపకు అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడింది.

"వదినా, పెండ్లి కాంగానే ఇంటికొస్తే ఆడబిడ్డ ఇట్లా అడ్డం నిలబడలేదా? పేరు చెప్పకుండా లోపలికి పోయినావా? ఇదీ గడపే. చెప్పి పో."

వరసంతా గొల్లుమంది. కొత్తకోడలు గడప దగ్గర మొగుడి పేరు చెప్పాల్సిందే, అందులో దోషం లేదు. నేను కొంగు సర్దుకుని, పాట ఎత్తుకున్నట్టు, ఆ పెద్దమనిషికి కూడా బాగా వినిపించేలా చెప్పాను.

"తిరుమలప్ప!"

"ఉండాది," అని గుమాస్తా గీత కొట్టి చీటీ చేతికిచ్చాడు. రెడ్డెమ్మ చేతులు దించింది. లోపల పోటీలో నిలబడినవాళ్ళకు తలా ఒక రంగు పెట్టె. జైలుకు పోయినాయన పక్షం వాళ్ళ పసుపు పెట్టెను కళ్ళకద్దుకుని చీటీ వేశాను. బయటికి వస్తుంటే నా వెనక మొదలైంది చూడండి: మునెప్ప, చెంగప్ప, నాగప్ప! ఒక్కొక్కతె పెళ్ళికూతురిలా సిగ్గుపడుతూ పేరు చెబుతోంది. తిరిగిపోయిన ఇద్దరినీ ఎవరో పరుగెత్తి పిలుచుకొచ్చారు. పెద్దమనిషి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

నాలుగింటి బస్సుకు మదనపల్లె బయలుదేరి ఆరుకు ఆసుపత్రి చేరాను. అంతా విని మా ఆయన కట్టు కట్టిన కాలు కదిలేంతగా నవ్వారు. తర్వాత గొంతు తగ్గించి అడిగారు.

"ఇంగొక తూరి చెప్పు, నేనూ ఇంటాను."

"ఆ పేరు సర్కారుకు ఇచ్చేసినాను. నీకు మిగల్లేదు పో," అన్నాను. పక్క మంచాల వాళ్ళు కూడా నవ్వారు.

మర్నాడు ఎనిమిదింటి బస్సుకు తిరుగుప్రయాణం. సంతరోజు కావడంతో పుంగనూరులో కూరగాయల గంపల మధ్య ఒంటికాలి మీద నిలబడ్డాను. అయినా అలసట తెలియలేదు. దారి పొడవునా ఆడవాళ్ళు ఆ గది కథే చెప్పుకుంటున్నారు. కొన్నాళ్ళకు పెట్టెలు విప్పితే పసుపు పెట్టే గెలిచింది. మా ఆయన కాలు అతికింది, ఆయుష్షూ తరగలేదు. తర్వాత తాలూకాలు అటూ ఇటూ కలిపి ఆ పాత నియోజకవర్గాన్ని ముక్కలు చేశారు. మెంబర్ల వరస మీకు ఏ కరణమైనా చెబుతాడు. ఆ నాలుగో మెంబరును గెలిపించింది మాత్రం గడప దగ్గర పేర్లు చెప్పిన మా ఆడవాళ్ళే అంటాను నేను, ఎవరేమనుకున్నా సరే.

ఇంతసేపు విన్న మీ ఇంట పాడి పొంగాలి, రాగులు గాదె నిండాలి. మీ ఇంటి ఆడవాళ్ళందరి పేర్లూ వాళ్ళ పేర్లుగానే పుస్తకాలకెక్కాలి. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.