తెల్దు సాబు

మాబు సాబు తనకు తెలియని సంగతి అడిగితే తెలియదంటాడు. ఇందులో వింతేముంది అనుకునేవాళ్ళు ఒకసారి గార్లదిన్నె వైపు పల్లెలకు వచ్చి చూడాలి. ఇక్కడ దారి అడిగినా, మందు అడిగినా, ముహూర్తం అడిగినా ఎవరూ ఎవరినీ ఉత్త చేతులతో పంపరు. తెలిసినా తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పి పంపడమే మర్యాద. వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేనివాణ్ణి టీ హోటల్ బెంచీ మీద కూర్చోనివ్వరు. అలాంటి చోట నలభై ఏళ్ళుగా బోరు మోటార్లు బాగుచేసుకుంటూ, మోటారు తప్ప వేరే మాట వస్తే చాలు "నాకు తెల్దప్పా" అనేసి, జేబులోంచి వక్కపలుకు తీసి నోట్లో వేసుకుని, అది అరిగేదాకా పెదవి విప్పని మనిషి మాబు సాబు ఒక్కడే. ఊరు ఆయన పేరు ఎప్పుడో మరిచిపోయింది. పెళ్ళి పత్రికల మీద కూడా 'తెల్దు సాబు గారికి' అనే రాస్తారు.

మోటారు సంగతి వేరు. ఆ మాటెత్తితే ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. కాయిల్ ఎందుకు కాలింది, బేరింగు ఎందుకు అరిగింది అని పొద్దున మొదలుపెడితే సంగటి వేళకు గానీ వదలడు. ఒకసారి వింటున్న రైతు అలాగే నిద్రపోతే, మిగతా సగం అతని ఎద్దులకు చెప్పి ముగించాడని ప్రతీతి.

ఆయన షెడ్డుకు ఎదురుగానే శ్రీరంగప్ప టీ హోటల్. శ్రీరంగప్పకు లోకంలో తెలియనిది ఒక్కటే, టీ పెట్టడం.

"సాబూ, టీ ఎట్లుండాది?"

"వేడిగా ఉండాది."

"వేడని నాకూ తెలుసప్పా. రుచి ఎట్లుండాదంటా?"

"రుచి సంగతి నాకు తెల్దప్పా." వెంటనే వక్కపలుకు.

ఒకసారి ఎవరో ఊళ్ళోని సంబంధం గురించి వాకబు చేయడానికి విడపనకల్లు నుంచి వచ్చారు. "పిల్లోడు ఎట్లాంటోడన్నా?" అని అడిగారు. "వాళ్ళింట్లో మోటారు ఐదేండ్ల నుంచి ఒక్కసారీ కాల్లేదు. పిల్లోని సంగతి నాకు తెల్దు" అన్నాడు మాబు సాబు. వచ్చినవాళ్ళు మొహాలు ముడుచుకుని పోయారు. వాళ్ళ అదృష్టం బాగుండి, ఆ పిల్లవాడికి చదువు చెప్పిన అయ్యవారు రెండు రోజులకే ఏదో పని మీద విడపనకల్లు పోయి, వాళ్ళింట్లోనే మజ్జిగ తాగి, పిల్లవాడు బంగారమని చెప్పి వచ్చాడు. పెళ్ళి జరిగిపోయింది.

ఓబులమ్మ ఎనుము మేత మానేసినప్పుడూ అంతే. మాబు సాబు తెల్దన్నాడు. శ్రీరంగప్ప మాత్రం వెల్లుల్లీ బెల్లమూ నూరి పోయమన్నాడు. పోసేలోపే పశువుల డాక్టరమ్మ 'ఇట్లే పోతా ఉంటిని' అంటూ వచ్చి సూది వేసి పోయింది. అంతా దేవుని దయ అని ఓబులమ్మ టెంకాయ కొట్టింది.

ఇంట్లోనూ ఇదే వరస. "పెండ్లయిన కొత్తలో నేను బాగుండానా అని అడిగితిని," అని ఆయన భార్య మేరాజ్ బీ ఇప్పటికీ చెప్పుకుంటుంది. "అందం సంగతి నాకు తెల్దన్నాడు ఈ మనిషి. నాలుగు దినాలు నేను మాట్లాడల్యా. ఐదో దినం పొయ్యి నిలువుటద్దం కొనుక్కొచ్చి, దీన్నడుగు, దీనికి తెలుస్తాది అన్నాడు."

ఇన్నాళ్ళూ ఇవన్నీ విని నవ్విన సునందకు, మొన్న ఏప్రిల్‌లో అదే సాబు మీద ఒళ్ళు మండింది.

సునందకు మూడెకరాల చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. భర్త నాగేశ్వర నెలలో ఇరవై రోజులు లారీ మీదే ఉంటాడు. చేను పెత్తనమంతా ఆమెదే. ఆరేళ్ళు కడవలతో నీళ్ళు మోసి, డ్రిప్పు పెట్టి, బిడ్డల్లా పెంచిన చెట్లు తొలిసారి నిండుగా కాయ పట్టాయి. సరిగ్గా అప్పుడే బోరు నీళ్ళు మానేసి గాలి దగ్గడం మొదలుపెట్టింది. ఆకులు మెలితిరుగుతున్నాయి. ఉన్న డబ్బుతో కొత్త బోరు ఒక్కటే వేయించగలదు. అందులో నీళ్ళు పడకపోతే తోట నరికి పొయ్యిలో పెట్టుకోవలసిందే. శుక్రవారం బోరు లారీ వస్తానంది.

ఎవరైనా బోరు వేస్తున్నారంటే చేలోకి పోయి ఒక చోటు చూపించి రాయి పెట్టి రావడం ఆ వైపు ఆనవాయితీ. పెట్టకపోతే అభిమానం లేదనుకుంటారు. అభిమానానికి లోటు లేదు కాబట్టి బుధవారానికల్లా సునంద చేలో పదకొండు రాళ్ళు తేలాయి. నీళ్ళున్న చోట కాయ లేస్తుందని తిప్పయ్య అరచేతిలో టెంకాయ పెట్టుకుని తోటంతా తిరిగాడు. మండే ఎండలో ఎక్కడా కదలని కాయ, వేపచెట్టు నీడలోకి రాగానే నిటారుగా లేచింది. శ్రీరంగప్పకు కలలో గంగమ్మ కనబడి, కరెంటు స్తంభానికి ఎడమ పక్క అని చెప్పిందట. ఆయన బావమరిది కలలో కుడి పక్క అంది.

సునందకు తల తిరిగింది. ఊళ్ళో అబద్ధం చెప్పని మనిషి ఒక్కడే ఉన్నాడని షెడ్డు దగ్గరికి పరుగెత్తింది.

"మాబన్నా, పదకొండు రాళ్ళు పెట్టినారు. నువ్వు ఏ రాయంటే ఆ రాయి కాడే ఏపిస్తా."

"మోటారు నీళ్ళెత్తేది నాకు తెలుసు సునందమ్మా. బూమిలో నీళ్ళు యాడుండేదీ నాకు తెల్దు."

"ఊరికే ఒక మాట చెప్పన్నా. తప్పయినా నిన్నేమీ అననులే."

మాబు సాబు చెయ్యి జేబులోకి పోయింది.

"అన్నా! ఆ వక్క నోట్లో ఏసుకుంటే చూడు! నా చెట్లు సస్తాండాయి!"

వక్క నోట్లో పడనే పడింది. ఆయన ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత చేతిలోని పానా కింద పెట్టి, మోపెడ్ తీసి, ఆమెను అక్కడే నిలబెట్టి ఎటో వెళ్ళిపోయాడు.

"చూస్తివా?" అన్నాడు హోటల్లోంచి శ్రీరంగప్ప. "ఆపదలో వక్క నమిలే మనిషి. నా మాటిని స్తంభం ఎడం పక్క ఏపియ్యి."

సునంద దారంతా ఏడ్చుకుంటూ, ఏడుపు మధ్యలో సాబును తిట్టుకుంటూ ఇల్లు చేరింది. ఇక టెంకాయనే నమ్ముదామనుకుంది.

మరుసటి రోజు పొద్దున చేలోకి తెల్లటోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన, పెట్టె ఒకటి, వైర్ల చుట్టలు మోసుకుంటూ వచ్చాడు.

"నా పేరు జయరామమ్మా. బుక్కరాయసముద్రంలో ఉంటా. భూమిలో నీళ్ళు చూసే ఉద్యోగం ముప్పై ఏండ్లు చేసి రిటైరయినా. ఇట్లే పోతా ఉంటే నీ తోట కనపడింది."

సునంద ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆమె చేను దాటితే దారి లేదు, గుట్ట ఉంది. అయినా వచ్చిన మనిషిని ఎందుకు పొమ్మనాలి అని ఊరుకుంది.

ఆయన ఇనుప కడ్డీలు పాతి, మీటర్లు చూసి, పదకొండు రాళ్ళ దగ్గరా పదకొండుసార్లు తల అడ్డంగా ఊపాడు. వెనకాలే తిరుగుతున్న తిప్పయ్యకు రోషం వచ్చింది.

"మరి నా కాయ యాల లేసినట్ల సార్?"

"కాయ ఎందుకు లేసిందో నాకు తెల్దప్పా. కింద మాత్రం వట్టి బండ ఉండాది."

ఆ జవాబు ఎక్కడో విన్నట్టుందే అనుకుంది సునంద. జయరాం సారు చివరికి పాత బోరు దగ్గర ఆగి చాలాసేపు లెక్కలు వేసుకున్నాడు.

"కొత్త బోరు వద్దమ్మా. పాతదాంట్లోనే నీళ్ళుండేటట్ల కనపడతాంది. మట్టి పూడింది. కంప్రెసరు పెట్టి కడిగిచ్చు. మోటారు ఎంత లోతుకు దించల్లనో మాత్రం నన్నడగొద్దు. అది తెలిసినాయన మీ ఊర్లోనే ఉండాడంట కదా."

శుక్రవారం బోరు లారీ వెనక్కి పోయింది. కంప్రెసరు వచ్చింది. గంటసేపు బురద, ఇంకో గంట ఎర్రనీళ్ళు, ఆ తర్వాత తేట నీళ్ళు ఎగజిమ్మాయి. మాబు సాబు మోటారు విప్పి, బాగుచేసి, రెండు పైపులు అదనంగా దించాడు. దించినంతసేపూ మోటారు పుట్టుపూర్వోత్తరాలు చెబుతూనే ఉన్నాడు. సునందకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా ఊ కొడుతూ మొత్తం వింది. స్టార్టరు నొక్కితే రెండించీల నీళ్ళు పడ్డాయి. ఆమె ఆ నీళ్ళలో చేతులు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

ఆదివారం ఓళిగలు చేసి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని షెడ్డుకు పోయింది. మాబు సాబు లేడు. డబ్బా లోపల పెట్టిపోదామని మొదటిసారి లోపలికి అడుగుపెట్టింది. మోటార్లకు పూసే ఎర్ర పెయింటుతో వెనక గోడ నిండా పేర్లు, ఫోన్ నంబర్లు. అవన్నీ మోటార్లు తెచ్చే రైతులవని ఊరంతా అనుకునేది. సునంద ఊరికే చదివింది.

'ఓబులమ్మ ఎనుము. నాకు తెల్దు. డాక్టరమ్మకు తెలుసు.' పక్కన నంబరు.

'విడపనకల్లు సంబంధం. నాకు తెల్దు. అయ్యవారికి తెలుసు.' పక్కన నంబరు.

'శ్రీరంగప్ప మోకాళ్ళు', 'తిప్పయ్య పింఛను', ఇలా కింది దాకా ఉన్నాయి. అన్నిటికంటే కింద, పెయింటు ఇంకా మెరుస్తూ, 'సునంద నీళ్ళు. నాకు తెల్దు.' ఆ తర్వాత మూడు పేర్లు రాసి కొట్టేసి ఉన్నాయి. నాలుగో పేరు బుక్కరాయసముద్రం జయరాం సారుది.

"ఆ పొద్దు సంగటి గూడా తినల్యా," అంది వెనక నుంచి మేరాజ్ బీ. "తెలిసినోళ్ళు యాడుండారని రాత్రి దాకా నాలుగూర్లు తిరిగినాడు. తెల్దని చెప్పేది ఒక నిమిషం పని. దాని ఎనక తిరుగుడు సూడు, పొద్దంతా!"

"మరి ఆ మాట నాతో చెప్పొచ్చు కదా అక్కా?"

"చెప్తే అన్నీ తెలిసినోడనుకుంటారంట!"

అప్పుడే మోపెడ్ వచ్చి ఆగింది. సునంద గుమ్మంలోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మాబన్నా, జయరాం సార్ను పంపింది నువ్వే కదా?"

మాబు సాబు గోడ వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, నేల వైపు చూశాడు.

"నాకు తెల్దు సునందమ్మా," అని వక్కపలుకు నోట్లో వేసుకున్నాడు. తెలిసిన సంగతిని తెల్దనడం ఆయనకు పుట్టాక అదే మొదలు. అలవాటు లేని పని కాబట్టి చెవులు రెండూ ఎర్రబడ్డాయి.

ఎదురుగా హోటల్లోంచి శ్రీరంగప్ప కేకేశాడు. "యామ్మా సునందా! ఆ నీళ్ళ సార్ను పంపిందెవరో తెలిసెనా? నా కల సంగతి ఆయనకెవరో చెప్పింటారు!"

సునంద సాబు ముందు చెయ్యి చాపింది. ఆయన తటపటాయించి జేబులోంచి ఒక పలుకు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని నోట్లో వేసుకుని, బుగ్గన పెట్టి, హోటల్ వైపు తిరిగింది.

"నాకు తెల్దన్నా!"